గోడ మీద గొట్టం

మా రేవుకి వెళ్లినవాళ్లెవరైనా సముద్రం వైపు తిరిగి నిలబడతారు. మా పెద్దమ్మ ఒక్కతే సముద్రానికి వీపు పెట్టి నిలబడేది.

రోజూ తెల్లవారగానే, పొయ్యి ఇంకా వెలిగించకముందే, చెప్పులు చేత్తో పట్టుకొని రాళ్లకట్ట చివరిదాకా నడిచేది. అక్కడొక పలకరాయి ఉంది. దానిమీద నిలబడి దేవుడికి దణ్ణం పెట్టుకొని, కొంగుతో కళ్లు తుడుచుకొని, ఊరివైపు తిరిగి ఉప్పుగోదాము గోడని చూసేది. "ఈవేళ బాగానే ఉంది" అనో, "పైన కుడిపక్క పక్షులు పాడుచేశాయి" అనో తనలో తాను అనుకొని వెనక్కి వచ్చేది. రెండోమాట అన్న రోజున ఇంటినుంచి బక్కెట్టు, కుంచె తెచ్చుకొని, గోదాములో ఉంచిన నిచ్చెన బయటికి తీసేది.

కొత్తవాళ్లకి ఇదంతా వింతగా ఉండేది. సముద్రం చూడ్డానికి వచ్చిన ఒకాయన, "ఇంత అందమైన సముద్రాన్ని వదిలేసి ఆ గోడని చూస్తారేమిటండీ?" అని అడిగాడు.

"సముద్రానికి సున్నం వేయక్కర్లేదు బాబూ" అంది పెద్దమ్మ.

ఇళ్లకి సున్నం వేయడమే ఆమె పని. పెదనాన్న చిన్నవయసులో జబ్బుచేసి పోతే ఆయన కుంచె ఆమె చేతికి వచ్చింది. ఆడది నిచ్చెనెక్కడమేమిటని మూతులు విరిచినవాళ్లే తరవాత "మా వంటగది కూడా ఓసారి చూడు పెద్దమ్మా" అంటూ ఆమె వాకిట్లో కాచుకున్నారు. ఊరందరికీ ఆమె సున్నం పెద్దమ్మ. నాకు నిజంగానే పెద్దమ్మ, మా అమ్మకి అక్క. పల్లెటూరి బడిలో నాలుగక్షరాలు నేర్చుకొని, పెళ్లయి ఈ ఊరికి వచ్చిన నాకు ఆమె ఇల్లే పుట్టిల్లయింది.

ఆ గోడ సంగతి చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. మా ఏరు సముద్రంలో కలిసేచోటుని మొగ అంటారు. పడవ రేవులోకి రావాలంటే ఆ మొగలోంచే రావాలి. లోతున్న దారి సన్నం. కుడిపక్క ఇసుకమేట, ఎడమపక్క నీళ్లకింద రాళ్లు. పైకి అంతా ఒకే నీరు. అందుకని పాతకాలపు సరంగులు, అంటే పడవ నడిపే పెద్దవాళ్లు, ఒడ్డుమీద రెండు గురుతులు పెట్టుకున్నారు. ఒడ్డునే ఉన్న ఉప్పుగోదాము తెల్లగోడ మొదటిది, దాని నెత్తి మొనదేలి ఉండేది. దాని వెనక ఊళ్లో ఉన్న ఐసు ఫ్యాక్టరీ పొగగొట్టం రెండోది. సముద్రంలోంచి చూసినప్పుడు ఆ గొట్టం సరిగ్గా గోడ మొనమీద నిలబడినట్టు కనబడితే పడవ లోతుదారిలో ఉన్నట్టు. గొట్టం కుడికి జరిగిందంటే పడవ కుడికి జరిగిందన్నమాట. వెంటనే చుక్కాని సరిచేసుకోవాలి. "గోడమీద గొట్టం పెట్టు" అనేది పడవ నేర్చుకునేవాడికి మొదటి పాఠం. చివరి పాఠమూ అదే.

ఆ గోడని నలభై ఏళ్లు తెల్లగా ఉంచింది మా పెద్దమ్మ. కాల్చిన గుల్లల్ని కుండలో వేసి నీళ్లు పోస్తే అవి కుతకుతలాడి విరిగి, రెండు రోజులకి వెన్నలా అయ్యేవి. అందులో బంక కలిపి పాతచీరలో వడకట్టేది. ఇళ్లకి వేసే సున్నంలో చిటికెడు నీలిమందు వేసేది గాని ఈ గోడకి వేసేది కాదు. "నీలి కలిపితే దగ్గరికి అందమే. దూరంనుంచి ఆకాశంలో కలిసిపోతుంది. మంచులో వచ్చేవాడికి ఒట్టి తెలుపే కావాలి" అనేది. సున్నం తడిగా ఉన్నప్పుడు బూడిదరంగులో ఏమీ వేయనట్టే ఉంటుంది. ఎండాకే తెల్లబడుతుంది. అది ఎండేదాకా ఆమె గోడ ఎదురుగా కూర్చుని ఉండేది.

ఆమె నిచ్చెన ఎక్కిన రోజున వలలు బాగుచేసే ముసలాయన తన వలలన్నీ మడతలేసి నిచ్చెన కింద పరిచేవాడు, పడితే దెబ్బ తగలకూడదని. ఆమె ఏనాడూ పడలేదు. ఆయనా ఏనాడూ పరచడం మానలేదు. టీకొట్టు ఆవిడ సున్నం చుక్కలు పడకుండా గ్లాసుమీద మూతపెట్టి టీ పంపేది. పొద్దున తలుపు తీసేసరికి గడపదగ్గర ఎవరో ఆకులో చుట్టిన చేప పెట్టిపోయి ఉండేవారు. ఎవరని ఆమె అడగలేదు. మొగలోంచి క్షేమంగా వచ్చినవాడెవడో, అంతే.

ఇప్పుడవేవీ లేవు. రాస్తుంటే కోపం వస్తోంది. కోపం మంచిది కాదని మా బడిలో పంతులుగారు చెప్పేవారు. నేనూ అలాగే నమ్ముతాను. దేవుడిముందు కూర్చున్నప్పుడు ఈ ఒక్క కోపాన్నీ తీసేయమని అడగబోయి, అడక్కుండానే లేచొస్తున్నాను.

మొదట రేవులోని చెక్కల జెట్టీని మునిసిపాలిటీవాళ్లు పీకించేశారు. చేపల బజారు మధ్యలో ఒక గడియారం ఉండేది. అది ఎప్పుడూ పది నిమిషాలు ముందు నడిచేది. దాన్ని సరిచేయించొద్దని బస్సు కండక్టరే బతిమాలుకున్నాడట, గంపలెత్తుకొని వచ్చే ఆడవాళ్లు దాన్ని చూసి ముందే బయల్దేరి బస్సు అందుకుంటున్నారని. ఆ గడియారాన్నీ ఒక మధ్యాహ్నం తాడు కట్టి లాగేశారు. ఏమయ్యా అంటే ప్రతిసారీ ఒకటే జవాబు: పాతబడిపోయింది. ఆ మాట అన్నవాళ్లలో ఒక్కడూ ఆ గడియారం కింద బస్సు కోసం నిలబడినవాడు కాడు. ఒక్కడూ పడవలో కాలు పెట్టినవాడు కాడు. మమ్మల్ని అడిగినవాడూ లేడు.

గోదాము ఎవరో హోటల్‌వాళ్లకి అమ్ముడుపోయిందని తెలిసిన రోజునే పెద్దమ్మ మునిసిపల్ ఆఫీసుకి బయల్దేరింది. నేను తోడు వెళ్లాను. ఆఫీసరు తలెత్తకుండానే అడిగాడు.

"ఆ గోడ నీదా అమ్మా?"

"గోడ నాది కాదండీ. తెలుపు నాది."

"అయితే తెలుపు తీసుకెళ్లమ్మా, ఎవరొద్దన్నారు?"

గదిలో ఇద్దరు నవ్వారు. పెద్దమ్మ ఆ ఇద్దరినీ మార్చిమార్చి చూసి, పడవలు ఎలా వస్తాయో, గోడమీద గొట్టం ఎలా పెడతారో బల్లమీద పేపర్‌వెయిటూ సిరాబుడ్డీ పెట్టి మరీ చెప్పింది. ఆయన సిరాబుడ్డి వెనక్కి జరుపుకున్నాడు.

"ఇప్పుడందరి దగ్గరా ఫోన్లున్నాయి. దారి ఫోనే చూపిస్తుంది."

"తడిస్తే ఫోను చచ్చిపోతుంది నాయనా. గోడ తడిసినా చావదు."

"సరేలే, పెద్దదానివి, ఎండలో పడి వచ్చావు. కాసిని మంచినీళ్లు తాగి వెళ్లు" అన్నాడు. నీళ్లు మాత్రం చల్లటివే ఇచ్చారు, ఆ మాట దాచను. ఆమె తాగలేదు.

కూల్చడానికి మూడు రోజులే పట్టింది. యంత్రం వచ్చిందని విని పెద్దమ్మ కొంగు బిగించి పరుగులాంటి నడకతో వెళ్లింది. ఆ యంత్రం నడిపే అతను ఆమెని చూసి ఇంజను ఆపి కిందికి దిగాడు. "అమ్మా, లోపల నిచ్చెనా కుండా ఉన్నాయి, మీవేనా?" అని అడిగి, ఆ రెండింటినీ తనే మోసుకొచ్చి రోడ్డుపక్క నీడలో పెట్టాడు. నోటినిండా తిట్లు పెట్టుకొని వెళ్లిన మనిషి వాటిని మింగేసుకుంది. "నీ పని నువ్వు చేసుకో నాయనా, నీ తప్పేముంది" అంది. మరి ఆ తిట్లన్నీ ఎక్కడికి పోతాయి? ఇంటికి వచ్చి నిచ్చెనని ఒక్క తన్ను తన్నింది. రెండు మెట్లు విరిగాయి.

గోడ ఉన్నచోట కార్లు నిలబెట్టుకోవడానికి నేల చదును చేశారు. గోడ మొన ఉండే తావులో పడవల సంఘంవాళ్లు ఎర్రగుడ్డ కట్టిన వాసం పాతారు. కార్లకి అడ్డమని హోటల్‌వాళ్లు పీకేశారు. మొగలో తేలే గురుతులైనా వేయించమని సంఘంవాళ్లు రేవు ఆఫీసుకి అర్జీ పెట్టారు. పరిశీలిస్తున్నామని జవాబు వచ్చింది. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు. పట్టపగలు నీటిరంగు చూసి ఎలాగో వచ్చేసేవారు. ఫోన్లున్న కుర్రకారు ఫోన్లు చూసుకునేవారు. మిగిలినవాళ్లు దేవుడిమీద భారం వేసేవారు.

ఏడాది తిరిగేసరికి హోటల్ లేచింది. సముద్రంలోంచి చూస్తే పాత గోడ తావుకి ఎడంపక్కగా, నలభై అడుగుల దూరంలో, సముద్రంవైపు మూడంతస్తుల గోడ. దానికి తెల్లరంగు వేశారు. అది చూసి పెద్దమ్మ, "పనివాడెవడో గాని రెండు పూతలూ సమానంగా వేశాడే" అని మెచ్చుకుంది. ఆ మాట తలుచుకొని తరవాత ఎన్నిసార్లు నెత్తి కొట్టుకుందో నాకు తెలుసు.

మా మామయ్య, పెద్దమ్మకి తోడబుట్టిన తమ్ముడు, యాభై ఏళ్లుగా సరంగు. ఫోను లేదు. ఉన్నా చూడడు. ఈ గుప్పెడు పెట్టెకంటే మా అక్క గోడ పెద్దది అనేవాడు. మంచు మొదలైన నెలలో ఒక పొద్దున ఆయన పడవ మొగలో రాళ్లకి కొట్టుకొని రెండుగా చీలిపోయింది. దేవుడి దయవల్ల పడవలో ఉన్న ముగ్గురూ బతికారు. ఒకతనికి చెయ్యి విరిగింది. మామయ్యకి కాలు రెండుచోట్ల విరిగింది.

ఆసుపత్రిలో మూడోరోజు కాలికి ఆపరేషన్ చేశాక, మత్తు దిగుతుండగా పెద్దమ్మ చెయ్యి పట్టుకొని ఆయన ఒకే మాట మళ్లీమళ్లీ అన్నాడు. "సరిగ్గానే పెట్టానక్కా. గోడమీదే పెట్టాను గొట్టం."

లేని గోడమీద ఎలా పెట్టాడు? మత్తుమాటలనుకున్నాం.

మర్నాడు పొద్దున పెద్దమ్మ మామూలుగా రాళ్లకట్టమీదికి వెళ్లింది. గోడ పోయాక కూడా ఆ అలవాటు మానలేదు. ఆమె తూలుతూ ఉందని ఆ రోజు నేనూ వెంట వెళ్లాను. మంచు దట్టంగా ఉంది. ఊరు లేదు, వీధుల్లేవు, చెట్టూ పుట్టా లేవు. రెండే రెండు కనబడుతున్నాయి. పైన గొట్టం. కింద తెల్లగా హోటల్ గోడ. ఆమె గొట్టంనుంచి కిందికి ఆ గోడదాకా చూసి, పలకరాయిమీద చతికిలబడింది.

"వాడు దీనిమీద పెట్టాడే పిల్లా" అంది. "నా గోడ అనుకొని దీనిమీద పెట్టాడు. నలభై అడుగులు ఎడమకి. తిన్నగా రాళ్లమీదికి."

ఆ తెల్లదనాన్ని అంతకుముందు ఎన్నోసార్లు చూశాను. ఆ పొద్దున చూసినంత అసహ్యంగా ఎప్పుడూ కనబడలేదు.

అక్కణ్ణుంచి అటే హోటల్‌కి వెళ్లాం. మేనేజరు మర్యాదస్తుడే. పెద్దమ్మకి తన కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోకుండానే చెప్పింది.

"ఆ గోడకి రంగు మార్చండి. ఇటుకరంగో, ఆకురంగో, మీ ఇష్టం. తెలుపొద్దు. వేయడానికి మనుషులు దొరక్కపోతే నేనే వేస్తాను, నిచ్చెన బాగుచేయించుకుంటాను."

"ఈ వయసులోనా అమ్మా?"

"నా వయసు సంగతి మీకెందుకు, గోడ సంగతి చెప్పండి."

ఆయన నిట్టూర్చాడు. "అమ్మా, మా హోటల్ ఫొటోలన్నిట్లో అది తెల్లగానే ఉంది. ఆ ఫొటోలు చూసే జనం వస్తారు. అయినా రేవు ఆఫీసులో కాగితం నేను చూశాను. ఇంజను ఆగిపోవడంవల్ల పడవ కొట్టుకుపోయిందని మీ తమ్ముడుగారే చెప్పి వేలిముద్ర వేశారు. మధ్యలో మా గోడ ఏం చేసింది?"

పెద్దమ్మ నావైపు చూసింది. ఆ కాగితం సంగతి మాకిద్దరికీ తెలియదు. పక్కనే ఉన్న కుర్చీలో అప్పుడు కూర్చుంది.

ఇంకో వారానికి మరో పడవ అదే రాళ్లని గీసుకుంటూ పోయింది. దాన్ని నడిపిందీ పాత సరంగే, మామయ్య ఈడువాడే. ఆఖరి క్షణంలో చుక్కాని తిప్పి బయటపడ్డాడు. టీకొట్టు దగ్గర అడిగితే, "నీళ్లు లాగాయిలే" అని నవ్వేసి గ్లాసులోకి చూశాడు. ఆ నవ్వు చూస్తే నాకు విషయం తెలిసిపోయింది. ఆయనా అక్కడే పెట్టాడు గొట్టం. ఆయనా చెప్పడు. మంచు పోవడానికి ఇంకా రెండు నెలలుంది. గోడవల్లే ఇదంతా అని ఎవరో ఒకరు బయటపడి చెబితే తప్ప సంఘం కదలదు, సంఘం కదిలితే తప్ప హోటల్ కదలదు. చెప్పాల్సినవాళ్లు సిగ్గుతో నోళ్లు కుట్టేసుకున్నారు. మూడో పడవకి అంత అదృష్టం ఉంటుందని ఎవరు చెప్పగలరు?

మామయ్యని ఇంటికి తెచ్చారు. కాలికి కట్టు కట్టి మంచంమీద పడుకోబెట్టారు. చూడవచ్చినవాళ్లు ఊరుకోలేదు. "అదేమిటి మామా, ఇంజను ఆగిపోయినా నీ పడవ రాయి ఎక్కడుందో వెతుక్కుంటూ పోయిందే" అని ఒకడు వేళాకోళమాడాడు. మామయ్య కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. వాళ్లు వెళ్లాక గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పెద్దమ్మ వెళ్లి ఆ మంచంపట్టెమీద కూర్చుంది. మా అత్త టీ గ్లాసులు పెట్టి, వీళ్లు మాట్లాడుకోవాలని తెలిసి, పొయ్యిమీద ఏదో ఉందని వంక పెట్టుకొని లోపలికి పోయింది.

"ఒరేయ్, ఇంజను ఆగిందా?"

"ఆగింది."

"నా మొహం చూసి చెప్పు."

ఆయన తిరగలేదు.

"ఇంజను ఆగలేదక్కా" అన్నాడు గోడవైపే చూస్తూ. "నీకు తెలిసిందిగా, మళ్లీ అడగడమెందుకు?"

"మరి ఆ కాగితంమీద వేలెందుకు పెట్టావురా దౌర్భాగ్యుడా? నీ కాగితం పట్టుకొని ఆ హోటలాయన నా నోరు నొక్కేశాడు."

"నీకేం, నువ్వు నేలమీద మనిషివి. యాభై ఏళ్ల సరంగు నిన్నగాక మొన్న లేచిన హోటల్ని చూసి ఉప్పుగోదాము అనుకున్నాడంటే ఇంక నన్నెవడైనా పడవ ఎక్కనిస్తాడా? టీకొట్టు దగ్గర నా మాటకి విలువుంటుందా? గోదాము కూల్చింది నా కళ్లతో నేను చూశాను. లేదని తెలుసు. తెలిసీ పెట్టాను. చెయ్యి దానంతటదే తిరిగింది."

"తిరుగుతుంది మరి" అంది పెద్దమ్మ. గొంతు పెంచింది. అంత కోపంగా ఆమె మాట్లాడటం మునిసిపల్ ఆఫీసులో కూడా వినలేదు. "నలభై ఏళ్లు మీ కళ్లకి తెలుపు అలవాటు చేసింది ఎవరనుకున్నావు? నేను కాదూ? మంచులో తెలుపు కనబడితే దానిమీద గొట్టం పెట్టకుండా నీ చెయ్యి ఆగుతుందా? ఆగితే నేను వేసిన సున్నమంతా దండగే. అది నీ తప్పు కాదురా. నా గోడ పీకినవాడిది, దాని పక్కనే ఇంకో తెల్లగోడ లేపినవాడిది, ఆ వాసం పీకి పారేసినవాడిది. వాళ్లంతా ఇళ్లలో హాయిగా ఉన్నారు. నువ్వు మాత్రం సిగ్గుపడి గోడవైపు తిరిగి పడుకున్నావు."

మామయ్య కళ్లు తుడుచుకున్నాడు. "నవ్వుతారక్కా" అన్నాడు మెల్లిగా.

"నవ్వనీ. నవ్వితే కాళ్లు విరగవు."

పెద్దమ్మ తన గ్లాసులో టీ సగం ఆయన గ్లాసులో పోసింది. చిన్నప్పటినుంచీ ఆమె అంతే. ఆయన అడక్కుండానే తన దాంట్లో సగం ఆయనకి పోస్తుంది. ఆ తరవాత గొంతు తగ్గించి అడిగింది. ఆమె ఎవరినైనా బతిమాలడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"పుట్టి బుద్ధెరిగాక నిన్ను ఇది కావాలని ఎప్పుడైనా అడిగానా? ఇప్పుడు అడుగుతున్నాను. రేపు పొద్దున పడవల సంఘంవాళ్లు కూర్చుంటున్నారు. నిన్ను మంచంతో సహా మోసుకెళ్లడానికి నలుగురితో మాట్లాడాను. అందరి ముందూ ఒక్కమాట చెప్పు. ఇంజను బాగానే ఉంది, నేను హోటల్ గోడమీద గొట్టం పెట్టాను అని. నువ్వు చెబితే ఆ రెండో పడవ సరంగు కూడా నోరు విప్పుతాడు. నా మాట తడి సున్నంరా, వేసినట్టే కనబడదు. నీ మాటైతే కనబడుతుంది. ఈ ఒక్కటీ చేసిపెట్టు తమ్ముడూ."